కమాను కట్ట అలసట

1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జున సాగరము రాతి ఆనకట్ట. ఆ రాయి మోయు భారము నెమ్మదిగా మారును. సూర్యాపేట, కోదాడల మీదుగా సాగు లారీ కమానుకట్టపై భారము ప్రతి గుంట యొద్దను మారును.

ఒకసారి వంగి విరుగని పట్టీ లక్షసార్లు వంగినచో విరుగవచ్చును. ఉక్కునకు గల ఈ అలసటను 19వ శతాబ్దిలో జర్మను ఇంజనీరు ఆగస్టు వోలర్ రైలు ఇరుసులను పరీక్షించి నిరూపించెను. పగులు తరచుగా పట్టీ సాగెడి వైపున, గీటు వద్దనో, తుప్పు వద్దనో, నడిమి బోల్టు రంధ్రము వద్దనో పుట్టును.

కనుకనే పరీక్షాయంత్రము పట్టీని విరుగువరకు వంచి, వంపులను లెక్కించును. ఒకే కొలిమినుండి వచ్చినవియు ఒకే లెక్కకు విరుగవు; కావున అనేకములను పరీక్షింపవలెను. సాగెడి వైపున చిన్న ఉక్కుగుండ్లను వేగముగా చిమ్మి కొట్టినచో పైపొర నొక్కుకొని, పగులు ఆలస్యముగా పుట్టును.

అయినను మితిమీరిన బరువు ఆ లాభమును హరించును. విరిగిన కమాను బండిని దారి తప్పించి ప్రాణములకే ముప్పు తేగలదని మనము మరువరాదు.