డిక్కీ తెరుచుకోవడం లేదా? లాక్ మార్చే ముందు ఇవి చూసుకోండి

షంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వచ్చి బండి ఆపారు. గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ల సూట్‌కేసులన్నీ వెనక డిక్కీలోనే ఉన్నాయి. బటన్ నొక్కితే చప్పుడు లేదు, లాగితే కదలదు. ఇక తలా ఒక చెయ్యి వేసి గుంజడం మొదలవుతుంది. కొన్నేళ్లు వాడిన ఎస్‌యూవీల్లో ఇది కొత్తేం కాదు. కానీ బలవంతంగా గుంజితే హ్యాండిల్ విరగడం తప్ప డోర్ మాత్రం రాదు.

అలాగని తర్వాత చూద్దాంలే అని వదిలేయడానికీ లేదు. జాకీ, వీల్ పానా, చాలా మోడళ్లలో స్టెప్నీ కూడా డిక్కీలోనే ఉంటాయి. రాత్రిపూట పిల్లలతో హైవే మీద ఉన్నప్పుడు టైరు పంక్చరైతే అవేవీ చేతికి అందవు. ఇంకో సంగతి, షెడ్డుకు తీసుకెళ్తే ‘లాక్ మొత్తం మార్చాలి’ అనే మాట వినిపించవచ్చు. అసలు చెడిపోయింది ఒక వైరో, స్విచ్చో అయితే కొత్త లాక్ వేసినా డోర్ తెరుచుకోదు. ఖర్చు మాత్రం మిగులుతుంది.

డోర్ ఎలా తెరుచుకుంటుంది?

ఇప్పటి ఎస్‌యూవీల్లో ఎక్కువ భాగం డిక్కీ కరెంటుతోనే తెరుచుకుంటుంది. నంబర్ ప్లేట్ పైన రబ్బరు తొడుగు ఉన్న బటన్ ఒక చిన్న స్విచ్ మాత్రమే. అది నొక్కగానే లాక్‌లోని చిన్న మోటారు తిరుగుతుంది. డోర్‌లోని కొక్కెం, బాడీకి ఉన్న ఇనుప కొండీని వదిలేస్తుంది. అంటే స్విచ్, వైరు, ఫ్యూజు, మోటారు, కొక్కెం వీటిలో ఏ ఒక్కటి మొరాయించినా డోర్ తెరుచుకోదు.

ముందు చెవి పెట్టి వినండి

బండిని పూర్తిగా అన్‌లాక్ చేయండి. రిమోట్ బ్యాటరీ నీరసించి అసలు అన్‌లాకే కాకపోవచ్చు. అందుకే తాళంచెవితో గానీ, లోపలి స్విచ్‌తో గానీ ఇంకోసారి అన్‌లాక్ చేసి చూడండి. ఆ తర్వాత ఒకరు బటన్ నొక్కుతుంటే, ఇంకొకరు లాక్ దగ్గర చెవి పెట్టి వినాలి.

‘టక్’మనో ‘జుయ్’మనో చప్పుడు వచ్చినా తెరుచుకోలేదంటే, మోటారుకు కరెంటు వస్తున్నట్టే. కొక్కెం దుమ్ముతోనో తుప్పుతోనో బిగుసుకుని ఉండొచ్చు. లేదా లోపలి సామాను డోర్‌ను గట్టిగా నెడుతూ ఉండొచ్చు. ఇలాంటప్పుడు డోర్‌ను బయటకు లాగకండి. అరచేత్తో లోపలికి నొక్కి పట్టుకుని బటన్ నొక్కండి. కొక్కెం మీద బరువు తగ్గి చాలాసార్లు వదులుతుంది.

అసలు చప్పుడే లేకపోతే మోటారుకు కరెంటు అందడం లేదనో, మోటారే పోయిందనో అర్థం. రిమోట్ మీద గానీ, డ్రైవర్ దగ్గర గానీ డిక్కీకి వేరే బటన్ ఉంటే దాన్ని నొక్కి చూడండి. దానితో తెరుచుకుంటే లాక్ బాగానే ఉంది, బయటి స్విచ్ పోయినట్టు. ఎండకు రబ్బరు పగిలి వాన నీళ్లు లోపలికి దిగడం వల్ల ఈ స్విచ్ తరచూ పాడవుతుంది.

వెనక వైపర్, నంబర్ ప్లేట్ లైటు కూడా పనిచేయకపోతే వైర్లను అనుమానించాలి. బాడీ నుంచి డోర్‌లోకి వెళ్లే వైర్లు పైన కబ్జాల దగ్గర ఒక రబ్బరు గొట్టంలో ఉంటాయి. డోర్ తీసి వేసిన ప్రతిసారీ అవి అక్కడే వంగుతాయి. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి రాగి తీగ తెగిపోతుంది, పైన ప్లాస్టిక్ మాత్రం బాగానే కనిపిస్తుంది. వైర్ల జోలికి వెళ్లే ముందు మాన్యువల్ చూసి ఫ్యూజు కూడా ఒకసారి పరిశీలించాలి.

లోపలి నుంచి తీయడం

వెనక సీట్లు మడిచి లోపలి నుంచి డిక్కీలోకి వెళ్లొచ్చు. చాలా మోడళ్లలో డోర్ లోపలి ప్లాస్టిక్ మీద, లాక్‌కు ఎదురుగా చిన్న మూత గానీ రంధ్రం గానీ ఉంటుంది. చదునైన స్క్రూడ్రైవర్‌తో లోపలి మీటను కదిలిస్తే కొక్కెం వదులుతుంది. మీట ఏ వైపు కదపాలో మాన్యువల్‌లో చూసుకోవాలి. పిల్లలను లోపలికి పంపించి ఈ పని చేయించకండి. పైకప్పు అంచుల ప్లాస్టిక్‌ను మాత్రం పీకొద్దు, కొన్ని బండ్లలో దాని వెనక ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. ఆటోమేటిక్‌గా లేచే డోర్ అయితే చేత్తో బలవంతం చేయకుండా సర్వీస్ సెంటర్‌కు చూపించడం మంచిది.

తెరుచుకున్నాక వెంటనే మూయొద్దు

చాలామంది చేసే పొరపాటు ఇదే. డోర్ తెరుచుకోగానే సంతోషంతో మళ్లీ మూసేస్తారు, మళ్లీ ఇరుక్కుంటుంది. డోర్ పైకి ఉండగానే స్క్రూడ్రైవర్‌తో కొక్కేన్ని నెట్టి లాక్ పడేలా చేయండి. సాధారణంగా రెండు ‘టక్’లు వినిపిస్తాయి. ఇప్పుడు బటన్ నొక్కితే కొక్కెం వదలాలి. నాలుగైదు సార్లు వరుసగా వదిలితేనే డోర్ మూయండి. వదలకపోతే లోపలి మీటతో కొక్కేన్ని విడిపించి, డోర్‌ను తాడుతో కట్టి, మెల్లగా షెడ్డుకు వెళ్లండి.

కొక్కెం బిగుసుకుని ఉంటే పాత మురికి తుడిచి కొద్దిగా గ్రీజు రాస్తే సరిపోవచ్చు. ఇంజిన్ ఆయిల్ పోస్తే దుమ్ము ఇంకా అంటుకుంటుంది. వైరు తెగితే మెలితిప్పి టేపు చుట్టడం తాత్కాలికమే, మళ్లీ వంగినప్పుడు ఊడుతుంది. మెత్తగా వంగే కొత్త వైరు ముక్క వేసి, టంకం పెట్టి, స్లీవ్ తొడగమని ఆటో ఎలక్ట్రీషియన్‌కు చెప్పాలి. వారంటీ ఉన్న బండి అయితే బయట వైర్లు కోయించకుండా కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్లాలి.

షెడ్డులో ‘డిక్కీ రావట్లేదు’ అని చెప్పి ఊరుకోకండి. చప్పుడు వస్తోందా లేదా, రిమోట్‌తో తెరుచుకుంటోందా, వైపర్ తిరుగుతోందా అన్న మూడు విషయాలూ చెప్పండి. లాక్ మార్చాల్సిందే అంటే, దానికి కరెంటు వస్తోందో లేదో ముందు మీ ఎదుటే టెస్టర్ పెట్టి చూపించమనండి.