నెల్లూరు తీరం: అమ్మకు జలుబు చేస్తే బిడ్డకు పాలివ్వొచ్చా? ఒకే గదిలో ఉంటూనే పసిబిడ్డను కాపాడుకోవడం ఇలా..

పడిశం పది రోగాల పెట్టు అంటారు పెద్దలు. పెద్దోళ్లకు నాలుగు తుమ్ములతో పోయే ఆ పడిశమే నెలల బిడ్డకు అంటితే ఊపిరి మీదకు తెస్తుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో నెల్లూరు తీరంలో ఈ భయం ఇంకాస్త ఎక్కువ. మైపాడు, కోడూరు, ఇసకపల్లి, జువ్వలదిన్నె.. ఏ ఊళ్లో అయినా ముసురు పట్టిందంటే తలుపులు మూసుకుని ఇంటిల్లిపాదీ ఒకే గదిలో ఉండాల్సిందే. తుపాను హెచ్చరిక వస్తే పునరావాస కేంద్రంలో ఎన్నో కుటుంబాలు ఒకే హాల్లో సర్దుకోవాలి. అలాంటప్పుడు అమ్మకో నాన్నకో జలుబు చేస్తే బిడ్డను దూరంగా పెట్టడం కుదిరే పని కాదు. మరి ఏం చేయాలి?

వాన వల్లా కాదు.. పెరుగు వల్లా కాదు

బాలింత పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తుందని చాలా ఇళ్లలో నమ్ముతారు. నిజానికి జలుబు వచ్చేది వైరస్ వల్ల. రైనోవైరస్, ఆర్‌ఎస్‌వీ లాంటివి తుమ్ము, దగ్గు తుంపరల ద్వారా, ముక్కు తుడుచుకున్న చేతుల ద్వారా పాకుతాయి. వానాకాలంలో జలుబులు పెరగడానికి ఒక పెద్ద కారణం గాలాడని గదిలో అందరూ దగ్గర దగ్గరగా ఉండటమే. జలుబు లక్షణాలు కనిపించడానికి ఒకరోజు ముందు నుంచే అది ఇతరులకు అంటుకోగలదు. మొదటి మూడు నాలుగు రోజులు మరీ ఎక్కువ.

బిడ్డకు ఎందుకంత ఇబ్బంది?

మొదటి కొన్ని నెలలు పిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి పీల్చుకుంటారు. ముక్కు దిబ్బడ వేస్తే పాలు తాగలేరు, నిద్రపోలేరు. వాళ్ల శ్వాసనాళాలు చాలా సన్నగా ఉంటాయి కాబట్టి కాస్త వాపు, కాస్త కఫం చేరినా గాలి ఆడదు. పెద్దలకు మామూలు జలుబుగా పోయే ఆర్‌ఎస్‌వీ పసిబిడ్డల్లో బ్రాంకియోలైటిస్, న్యుమోనియా దాకా వెళ్లొచ్చు.

పాలు మాత్రం ఆపొద్దు

'నీకు రొంప పట్టింది, పాలు పట్టకు, బిడ్డకు దిగుతుంది' అని ఇంట్లో పెద్దవాళ్లు అంటుంటారు. ఇది తప్పు. జలుబు వైరస్ తల్లిపాల ద్వారా రాదు. పైగా ఆ వైరస్‌తో పోరాడేందుకు తల్లి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు పాలతో పాటే బిడ్డకు అందుతాయి. పాలు ఆపితే ఆ రక్షణ పోతుంది. కాబట్టి సబ్బుతో చేతులు కడుక్కుని, మాస్క్ పెట్టుకుని పాలివ్వాలి. మరీ నీరసంగా ఉంటే పాలు పిండి, శుభ్రమైన ఉగ్గుగిన్నెతో ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పట్టొచ్చు. మందుల షాపులో అడిగి జలుబు మాత్రలు వేసుకోవద్దు. వాటిలో కొన్ని పాలను తగ్గిస్తాయి, కొన్ని బిడ్డకు మత్తు కలిగిస్తాయి. పాలిచ్చే తల్లినని డాక్టర్‌కు చెప్పి మందు రాయించుకోవాలి.

ఒకే గది ఉంటే ఇలా చేయండి

* బిడ్డను ఎత్తుకునే ముందు ప్రతిసారీ సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవాలి. అన్నిటికన్నా ముఖ్యం ఇదే.
* వేట నుంచో, పని నుంచో వచ్చిన నాన్న కాళ్లూచేతులూ కడుక్కుని, చొక్కా మార్చుకున్నాకే బిడ్డను తాకాలి.
* వాన జల్లు కొట్టని వైపు కిటికీ కాస్తయినా తెరిచి ఉంచాలి.
* జలుబు ఉన్నవాళ్లు బిడ్డకు ముద్దులు పెట్టొద్దు. చూడ్డానికి వచ్చే చుట్టాలకూ మొహమాటం లేకుండా ఇదే మాట చెప్పాలి.
* తుమ్మొస్తే మోచేతి మడతలోకి తుమ్మాలి. ముక్కు తుడిచిన గుడ్డ, చీర కొంగు బిడ్డకు తగలనివ్వద్దు.
* మాస్క్ పెద్దవాళ్లకే. రెండేళ్లలోపు పిల్లలకు పెడితే ఊపిరాడదు.

ఈ అలవాట్లు మానుకోవాలి

స్నానం చేయించాక ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేయడం, నోటితో ఊదడం ప్రమాదం. నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా వస్తుంది. సాంబ్రాణి పొగ బిడ్డ శ్వాసనాళాలను ఇంకా మండిస్తుంది. కర్పూరం కలిపిన నూనె, కర్పూరం ఉండే జలుబు బామ్‌లు రెండేళ్లలోపు పిల్లలకు వాడకూడదు. ఏడాది లోపు తేనె నాకించొద్దు. ఆవిరి పట్టబోతే వేడినీళ్లు ఒలికి ఒళ్లు కాలే ప్రమాదం ఉంది. ముక్కు దిబ్బడకు డాక్టర్‌ను అడిగి సెలైన్ చుక్కలు వేస్తే చాలు.

దగ్గు సిరప్ జోలికి అసలే వెళ్లొద్దు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో విషపూరిత డైఇథిలిన్ గ్లైకాల్ కలిసిన సిరప్ తాగి 20 మందికి పైగా చిన్నారులు చనిపోయారు. ఆ ఏడాది అక్టోబర్ 3న కేంద్ర ఆరోగ్య శాఖ పరిధిలోని ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ఒక సూచన జారీ చేసింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, ఐదేళ్లలోపు వారికీ సాధారణంగా సిఫారసు చేయబోమని అందులో పేర్కొంది.

చేతిలో ఫోన్ ఉందా? ఊపిరి లెక్కపెట్టండి

బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు బట్ట పైకి జరిపి, ఫోన్‌లో ఒక నిమిషం టైమర్ పెట్టండి. పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తుందో లెక్కించండి. రెండు నెలల లోపు బిడ్డకు 60 లేదా ఆపైన, రెండు నెలల నుంచి ఏడాది లోపు బిడ్డకు 50 లేదా ఆపైన వస్తే అది వేగంగా ఊపిరి తీసుకోవడమే. రెండు నెలల లోపు బిడ్డ అయితే మరోసారి లెక్కపెట్టి చూడండి. అప్పుడూ అంతే ఉంటే ఆలస్యం చేయొద్దు.

లెక్కతో పని లేకుండా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాల్సిన గుర్తులు ఇవి: ఊపిరి పీల్చినప్పుడు డొక్కలు లోపలికి పోవడం, మూలగడం, పెదాలు నీలంగా మారడం, పాలు తాగకపోవడం, ఎంత లేపినా మగతగా ఉండటం, ఫిట్స్, ఒళ్లు చల్లబడటం. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే, మిగతా లక్షణాలు లేకపోయినా అదే రోజు డాక్టర్‌కు చూపించాలి. వానలో బండి దొరకలేదని తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ముందు జాగ్రత్త టీకాతోనే

నెలన్నర, రెండున్నర, మూడున్నర నెలలకు వేసే పెంటావాలెంట్ టీకా కోరింత దగ్గు నుంచి కాపాడుతుంది. నెలన్నర, మూడున్నర, తొమ్మిది నెలలకు వేసే పీసీవీ న్యుమోనియా ముప్పు తగ్గిస్తుంది. రెండూ ప్రభుత్వ ఆస్పత్రుల్లో ఉచితం. పుట్టిన 42 రోజుల దాకా ఆశా కార్యకర్త ఇంటికొచ్చి బిడ్డను చూస్తారు. ఇంట్లో ఎవరికైనా జలుబు ఉంటే ఆమెకు దాచకుండా చెప్పండి.

జలుబు ఎవరి తప్పూ కాదు. తనకు జలుబు చేసిందని తల్లి భయపడి బిడ్డను దూరం పెట్టక్కర్లేదు. చేతికి సబ్బు, ముఖానికి మాస్క్, బిడ్డకు అమ్మ పాలు.. ముసురు తగ్గేదాకా ఈ మూడూ మరవకుంటే చాలు.

(ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. బిడ్డకు ఏ ఇబ్బంది ఉన్నా డాక్టర్‌ను సంప్రదించండి.)