పడిన పాచిక

పాచికను చేతిలో నున్నంతవరకు ఎంతసేపైనను కదలింపవచ్చును. నేలను పడిన పిమ్మట దానిని మరల తీసి వేయుటకు వీలులేదు. ద్యూతమునకు గల ధర్మమంతయు ఈ ఒక్క కట్టుబాటుపై నిలిచియున్నది. నలునకు అక్షహృదయము నుపదేశించిన ఋతుపర్ణుడు సైతము పడిన పాచికను పడనట్లు చేయు విద్యను నేర్పలేదు. దానిని కంప్యూటరు నేర్పినది.

నా పూర్వ విద్యార్థి యొకడు, వేరొక ఊర నున్న తన బాల్యమిత్రునితో ‘సివిలైజేషన్’ అను యుద్ధతంత్ర క్రీడను ఈమెయిలు ద్వారా రెండేండ్లు ఆడినాడు. ఒకడు తన వంతు ఆడి, ఆట స్థితినంతటిని ఫైలుగా భద్రపరచి పంపును. రెండవవాడు దానిని తెరచి, తన వంతు ఆడి, తిరిగి పంపును. ఒకనాడు మావాని సైన్యము గెలువవలసిన పోరులో ఓడినది. వచ్చిన ఫైలు ఇంకను తనయొద్దనే యున్నది. మరల తెరచినాడు, మరల పోరినాడు, గెలిచినాడు. “ఒక్కసారే గదా అనుకున్నాను మాస్టారూ!” అన్నాడు నాతో. ఒక్కసారితో ఆగలేదు. మిత్రునకు అనుమానము కలిగి అడిగినాడు, వీడు బొంకినాడు. ఆట ఆగినది. దానితో మాటలును ఆగినవి.

తప్పు మావానిదే. అయినను తలుపు బార్లా తెరచియుంచిన ఇంటివారిని కూడ ఒక మాట అడుగవలదా?

యంత్రమునకు అదృష్టమనునది లేదు. ‘విత్తు’ అనదగిన ఒక సంఖ్యతో మొదలిడి, లెక్కగట్టుచు, ఒకదాని వెంట నొకటిగా సంఖ్యలను పుట్టించును. అవియే దాని పాచికలు. ఫైలు తెరచినప్పుడెల్ల క్రొత్త విత్తు పడినచో ఫలితమును మారును. కావుననే 2001లో వెలువడిన మూడవ ‘సివిలైజేషన్’లో విత్తును ఫైలుతోపాటు భద్రపరచు వీలు కల్పించిరి. మరల తెరచి అదే పోరు సల్పినచో అదే ఓటమి. బాగున్నది. కాని జిత్తులమారి ముందుగా ఒక పనికిమాలిన చిన్నపోరు జరిపి, చెడ్డ సంఖ్యను దానిపై ఖర్చుచేసి, పెద్దపోరునకు మంచి సంఖ్యను మిగుల్చుకొనును!

ఈ చిక్కు కంప్యూటరుకన్న పాతది. తపాలాలో యుద్ధక్రీడలాడు వారిలో, ఇంట ఒంటరిగా పాచిక వేసికొనువానిని చూచువారెవరు? అమెరికాలో బాల్టిమోరు నగరమునకు చెందిన అవలాన్ హిల్ సంస్థ ఆటగాండ్రు 1960వ దశకములో దీనికి చక్కని ఉపాయము పన్నిరి. దాడిని ప్రకటించు ఉత్తరములోనే ఒక కంపెనీ వాటా పేరును, రానున్న ఒక తేదీని వ్రాయుదురు. ఆనాడు ఆ వాటాలు ఎన్ని అమ్ముడైనవో ఆ సంఖ్యలోని చివరి అంకెయే పాచిక. ఉత్తరముపై తపాలా ముద్ర సాక్షి. ఇరువురును ఎవరి వార్తాపత్రికలో వారు ఫలితము చూచుకొందురు. వ్యాపారపు పుటకు ఇంతకన్న నిర్దోషమైన ఉపయోగము నాకు తోచదు.

1959లో వెలువడిన ఆలన్ కాలమర్ ‘డిప్లొమసీ’లో పాచికయే లేదు. 1963 నుండి దానిని తపాలాలో ఆడునప్పుడు అందరును తమ ఆజ్ఞలను ఒక మధ్యవర్తికి పంపెడివారు. అతడు అన్నిటిని ఒక్కమారే తేల్చును. నేటి సర్వరు ఆ మధ్యవర్తి వారసుడే. ఫైలు ఆటగాని చేతికి రాదు గనుక మరల తెరచుటకు ఏమియు నుండదు.

మధ్యవర్తి లేకున్నచో? టెలిఫోనులో బొమ్మా బొరుసూ వేయు విధానమును 1981లో మాన్యుయెల్ బ్లమ్ అను శాస్త్రవేత్త చూపినాడు. ఆ త్రోవలోనే ఒకడు తాను తలచిన సంఖ్యను తాళము వేసినట్లు గూఢలిపిలో పంపును. రెండవవాడు తన సంఖ్యను బాహాటముగా తెలుపును. పిదప మొదటివాడు తాళము తీయును. రెండింటి మొత్తమునుండి పాచిక తేలును. ఏ ఒక్కనికిని దానిని మార్చుట సాధ్యముకాదు. అయితే ప్రతి పోరునకును మూడు ఉత్తరములు! రెండేండ్ల ఆట ఆరేండ్లు సాగినను ఆశ్చర్యములేదు.

ఇవన్నియు చెప్పగా మావాడు కొంతసేపు మాటాడలేదు. “వానికి జరిగినది జరిగినట్లు వ్రాసెదను మాస్టారూ. మరల ఆడుటకు ఒప్పుకొన్నచో, పాచికలు వానినే వేయమందును” అన్నాడు.

వ్రాసినాడట. జవాబు ఇంకను రాలేదు.