తేజస్సును తీర్చిన శిల్పి

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి అను గ్రామములు ఒకప్పుడు రాతిగుట్టలతోను, పొదలతోను, చెరువులతోను నిండియుండెను. 1998వ సంవత్సరమున మాదాపూరునందు సైబర్ టవర్సు అను గుండ్రని మేడ ప్రారంభమైనది. ఆ పిమ్మట గుట్టలున్నచోట అద్దాల మేడలు లేచినవి. ఆ ప్రాంతమునకు హైటెక్ సిటీ అనియు, దాని పరిసరములకు సైబరాబాదు అనియు పేర్లు కలిగినవి. నిత్యము వేలకొలది యువతీయువకులు అచటికి పోయి కంప్యూటరుల ముందు కూర్చుండి సాఫ్ట్‌వేరు వ్రాయుచుందురు.

ఆ వ్రాతలో తప్పు దొరలినచో ఏమగును? ఒక లెక్క తారుమారగును. ఒక చీటి తప్పుగా అచ్చగును. మఱునాడు దానిని సరిదిద్దుకొనవచ్చును. కాని సరిదిద్దుకొనుటకు మఱునాడు లేని వ్రాత కూడ ఒకటి కలదు. అది యుద్ధవిమానమును ఆకాశమున నిలుపు వ్రాత. అందు తప్పు దొరలినచో విమానమందున్న మనుష్యుని ప్రాణమునకే అపాయము. అట్టి వ్రాతను వందలమంది చేత వ్రాయించి, సరిచూపించి, తొందరపెట్టినవారి మాట వినక ఓర్పుతో వేచియున్న ఇంజనీరు ఒకరు 2002వ సంవత్సరమున గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు ఉపకులపతిగా వచ్చిరి. ఆయనయే తేజస్సు అను యుద్ధవిమానమునకు ప్రధాన రూపశిల్పియైన డాక్టర్ కోట హరినారాయణగారు.

హరినారాయణగారు 1943లో బరంపురమున జన్మించిరి. బరంపురము ఒకప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాకు చెందిన పట్టణము. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు అందు చేరినది. పట్టునేతకు పేరుపొందిన ఆ ఊరి వీధులలో నేటికిని తెలుగు, ఒడియా భాషలు రెండును వినిపించును. హరినారాయణగారు కాశీ హిందూ విశ్వవిద్యాలయమున యంత్రశాస్త్రమును, బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థయందు విమానశాస్త్రమును అభ్యసించిరి. బొంబాయి ఐ.ఐ.టి. నుండి డాక్టరు పట్టమును పొందిరి. అంతటితో తృప్తి చెందక న్యాయశాస్త్రమున కూడ పట్టభద్రులైరి.

ఆయన హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థలో ఉద్యోగమున చేరిన కాలమునకు మనదేశమున విమాననిర్మాణము ఎట్లుండెనో తెలిసికొనవలెను. 1961 జూన్ 17వ తేదీన మారుత్ అను యుద్ధవిమానము బెంగుళూరున మొదటిసారి ఎగిరెను. దాని రూపకర్త కర్ట్ టాంక్ అను జర్మను దేశీయుడు. విమానపు ఒడలు చక్కగా కుదిరినది గాని, దానికి తగినంత బలముగల ఇంజను దొరకలేదు. అందుచేత మారుత్ ఆశించిన వేగమును అందుకొనలేకపోయినది. అటుపిమ్మట మన వైమానిక దళము ముఖ్యముగా రష్యనుల మిగ్ విమానములపై ఆధారపడెను. నాసిక్ పట్టణమున మనవారే మిగ్ విమానములను కట్టిరి. కాని పటము రష్యనులది. ఇతరులు గీసిన పటమును చూచి కట్టుట వేఱు, పటమును తానే గీయుట వేఱు. గీత ఎందుకు అటు వంగినదో, మేకు ఎందుకు ఇచటనే ఉన్నదో గీసినవానికి మాత్రమే తెలియును. నాసిక్‌లో ప్రధాన రూపకర్తగా పనిచేసిన హరినారాయణగారు ఈ భేదమును దగ్గఱనుండి చూచినవారు.

1983లో భారత ప్రభుత్వము తేలికపాటి యుద్ధవిమానమును స్వదేశముననే నిర్మింపవలెనని నిశ్చయించెను. ఆ కార్యమునకై 1984లో ఏరోనాటికల్ డెవలప్‌మెంట్ ఏజెన్సీ అను సంస్థ బెంగుళూరున ఏర్పడెను. పిమ్మట కొలదికాలమునకే హరినారాయణగారు ఆ ప్రణాళికకు సంచాలకులుగాను, ప్రధాన రూపకర్తగాను నియమింపబడిరి. మారుత్‌ను గీసిన తరము అప్పటికి వృద్ధమైపోయినది. క్రొత్తవారికి యుద్ధవిమానమును మొదటినుండి గీసిన అనుభవము లేదు. కావున విమానముతోపాటు దానిని కట్టువారిని కూడ తయారుచేసికొనవలసి వచ్చినది.

ఆ విమానము ఎట్టిదో గ్రహించుటకు సంక్రాంతి దినములలో హైదరాబాదు మేడలపై ఎగురు గాలిపటములను తలచుకొనుడు. తోకగల గాలిపటము నిలకడగా ఎగురును. దారమును చెట్టుకొమ్మకు కట్టివిడిచినను అది కదలక ఆకాశమున నిలుచును. కాని పందెమున అట్టి పటము పనికిరాదు. అది చటుక్కున తిరుగదు. శత్రుపటము వచ్చి దారమును కోసికొనిపోవును. పందెపు పటమునకు తోక ఉండదు. అది నిమిషమైన నిలకడగా నుండదు. అటు పడబోవును, ఇటు తిరుగబోవును. బాలుని వ్రేళ్లు దారమును లాగుచు, సడలించుచు దానిని అనుక్షణము అదుపులో నుంచును. నిలకడ లేకపోవుటయే దాని బలము; వ్రేళ్ల నేర్పే దాని ప్రాణము.

తేజస్సు అట్టి పందెపు పటము. దానికి నిలువు తోక యొక్కటే కలదు. అడ్డముగా నుండు తోకరెక్కలు లేవు. పెద్ద త్రికోణమువంటి రెక్కయే విమానమును మోయును. బరువు కేంద్రమును, గాలి మోయు కేంద్రమును అమర్చిన తీరుచేత అది స్వభావముననే నిలకడ లేనిది. అందువలన పైలటు కోరిన క్షణమున మెఱుపువలె తిరుగగలదు. కాని మనుష్యుని చేయి ఎంత నేర్పరియైనను అట్టి విమానమును నిలుపజాలదు. దారము పట్టిన బాలుని వ్రేళ్ల పనిని ఇచట కంప్యూటరు చేయును. పైలటు కఱ్ఱను కదలించినప్పుడు ఆ కదలిక విద్యుత్సంకేతమై కంప్యూటరును చేరును. విమానపు వేగమెంత, గాలి ఏ కోణమున తాకుచున్నది, ముక్కు ఎటు వంగుచున్నది అను విషయములను అది సెకనునకు అనేక పర్యాయములు తెలిసికొని, రెక్కల అంచులను కావలసినంత మాత్రమే కదలించును.

ఆ కంప్యూటరే తప్పినచో గతి ఏమి? అందుకొఱకు దానిని నాలుగు భాగములుగా అమర్చిరి. నాలుగును ఒకే లెక్కను విడివిడిగా చేయును. ఒకటి తక్కినవానికి భిన్నముగా చెప్పినచో, గ్రామపెద్దలు అబద్ధపు సాక్షిని త్రోసిపుచ్చినట్లు, మిగిలిన మూడును దానిని త్రోసిపుచ్చి పనిని సాగించును. యంత్రము చెడిపోయినచో ఈ ఏర్పాటు కాపాడును. కాని లెక్కయే తప్పుగా వ్రాయబడియున్నచో నాలుగును ఆ తప్పునే చెప్పును! కావున భారమంతయు వ్రాతపైననే నిలిచినది.

విమానపు ఒడలును క్రొత్తదియే. మట్టిగోడ కట్టువారు మట్టిలో గడ్డిపోచలను కలిపి త్రొక్కుదురు; గడ్డి పట్టునిచ్చును, మట్టి దానిని కప్పియుంచును. అటులనే సన్నని బొగ్గుపోగులను జిగురుపదార్థముతో కలిపి అచ్చులలో పేర్చి, కాల్చి, పలకలుగా చేసిరి. ఆ పలకలు లోహముకన్న తేలిక, త్రుప్పు పట్టవు. తేజస్సు ఒడలి బరువులో సుమారు 45 శాతము ఇట్టి పదార్థమే.

1995 నవంబరు 17వ తేదీన మొదటి నమూనా కర్మాగారమునుండి వెలుపలికి వచ్చెను. రెక్కలు, చక్రములు, ఇంజను, అన్నియు ఉన్నవి. చూచినవారందఱు నేడో రేపో ఎగురునని తలచిరి. ఒక సంవత్సరము గడచెను, రెండు గడచెను, విమానము ఎగురలేదు. ఇది ఎన్నటికిని ఎగురదని కొందఱు హేళన చేసిరి. వ్యర్థమైన వ్యయమని కొందఱు వ్రాసిరి.

ఆలస్యమునకు కారణము లేకపోలేదు. స్వీడను దేశమువారు గ్రిపెన్ అను విమానమును ఇదే పద్ధతిని నిర్మించిరి. 1989 ఫిబ్రవరిలో దాని తొలి నమూనా దిగుచుండగా, నియంత్రణ సాఫ్ట్‌వేరులోని లోపమువలన ఊగిసలాడి నేలను తాకి తలక్రిందులైపోయినది. 1993లో స్టాక్‌హోము నగరముపై జనసమూహము చూచుచుండగా మఱియొక గ్రిపెన్ కూలినది. రెండుసార్లును విమానమును నడిపినవాడు ఒక్కడే. అదృష్టవశమున రెండుసార్లును బ్రదికెను. విమానవిద్యలో ఆఱితేరిన దేశమునకే ఇట్లు జరిగినప్పుడు, తొలిసారి ఆ పనికి పూనుకొన్నవారు ఎంత జాగరూకతతో మెలగవలెను! మనవారు తమ లెక్కలను నేలపై పరీక్షించుటయే గాక, 1996లో అమెరికాలో ఆ పనికై ప్రత్యేకముగా అమర్చిన ఎఫ్-16 విమానమునకు ఎక్కించి ఆకాశమున కూడ పరీక్షించి చూచిరి.

ఇంతలో 1998 మే నెల వచ్చెను. భారతదేశము పోఖ్రానునందు అణుపరీక్షలు జరిపెను. వెంటనే అమెరికా ప్రభుత్వము ఆంక్షలు విధించెను. నియంత్రణ వ్యవస్థపై అచటి కంపెనీతో కలిసి పనిచేయుచుండిన భారతీయ ఇంజనీర్లు స్వదేశమునకు తిరిగి రావలసి వచ్చెను. వారు ఉపయోగించుచుండిన పరికరములు అచటనే నిలిచిపోయినవి. అంతవరకు చేసిన పని వృథాయగునా అను ప్రశ్న పుట్టెను.

కాని పరికరములు నిలిచిపోయినను నేర్చిన విద్య నిలిచిపోలేదు. మిగిలిన పనిని మనవారు బెంగుళూరుననే సాగించిరి. వారియొద్ద ఇనుపపక్షి అని పిలువబడు పరీక్షాయంత్రము ఉండెను. విమానమును నియంత్రించు భాగములన్నిటిని ఒక ఇనుప చట్రముపై అమర్చి, ఆకాశమున ఎగురుచున్నట్లే వానిని నేలపై నడిపింతురు. ఒక భాగమును కావలెనని చెఱచి, తక్కినవి ఏమి చేయునో చూతురు. తప్పు కనబడినచో దిద్దుదురు. దిద్దిన పిదప మొదటినుండి మరల పరీక్షింతురు. దిద్దుబాటు వలన క్రొత్త తప్పు పుట్టవచ్చును గదా! ఇట్లు మఱి రెండేండ్లకు పైగా గడచినవి.

2001 జనవరి 4వ తేదీన వైమానిక దళమునకు చెందిన వింగ్ కమాండర్ రాజీవ్ కోఠియాల్ ఆ విమానమున కూర్చుండెను. రూపకర్తలకు ఇక చేయదగినదేమియు లేదు. పదునేడు సంవత్సరముల పరిశ్రమయు, ఒక సైనికుని ప్రాణమును ఆ సాఫ్ట్‌వేరు చేతిలో నుండెను. విమానము బెంగుళూరు ఆకాశమున 18 నిమిషములు ఎగిరి క్షేమముగా దిగెను. మారుత్ ఎగిరిన పిదప అప్పటికి దాదాపు నలువది సంవత్సరములు. 2003 ఆగస్టు 1వ తేదీన ఆ విమానము ధ్వని వేగమును మించెను. అదే సంవత్సరమున నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి దానికి తేజస్ అని నామకరణము చేసిరి. తేజస్సనగా వెలుగు.

2002లో ప్రభుత్వము హరినారాయణగారిని పద్మశ్రీ బిరుదముతో సత్కరించెను. ఆ సంవత్సరముననే ఆయన హైదరాబాదు విశ్వవిద్యాలయపు ఉపకులపతియై 2005 వఱకు ఆ పదవి నిర్వహించిరి. 1974లో స్థాపింపబడిన ఆ విశ్వవిద్యాలయపు ఆవరణ నాటికిని బండరాళ్లతో, చెరువులతో, నెమళ్లతో కూడియుండెను. గోడ కావల సాఫ్ట్‌వేరు మేడలు లేచుచుండెను. గోడ కీవల శాస్త్రమును బోధించు విద్యాలయము. దానికి అధిపతి సాఫ్ట్‌వేరుపై ఒక మనుష్యుని ప్రాణమును నిలిపి చూపిన ఇంజనీరు.

తేజస్సు కథ ఆయన పదవితో ముగియలేదు. 2016 జూలై 1వ తేదీన వైమానిక దళమునందలి 45వ స్క్వాడ్రను తేజస్ విమానములను స్వీకరించెను. మొదటిసారి ఎగిరిన పిదప పదునైదేండ్లు గడచెనన్నమాట. ఇంజను మాత్రము నేటికిని అమెరికా దేశపుదే. మనవారు పూనుకొన్న కావేరి ఇంజను ఆ విమానమునకు తగినంత బలమును సాధింపలేకపోయినది. మారుత్ నేర్పిన పాఠము ఇంకను పూర్తికాలేదని దీనివలన తెలియుచున్నది. అయినను హైదరాబాదు నేడు ఆ విమానమునకు పలువిధముల తోడ్పడుచున్నది. హైదరాబాదు పరిశోధనశాలలలో రూపొందిన అస్త్ర క్షిపణిని 2023లో గోవా తీరమున తేజస్ నుండి ప్రయోగించి చూచిరి. విమానపు నడిమి ఒడలిని హైదరాబాదు కంపెనీయొకటి నిర్మించి 2025లో హిందూస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థకు అప్పగించెను. ఆ సంవత్సరపు సెప్టెంబరులో, అఱువది రెండేండ్లు సేవచేసిన మిగ్-21 విమానములు విశ్రాంతి పొందినవి.

2001 నుండి 2024 వఱకు ఒక్క తేజస్ విమానమైనను కూలలేదు. హేళనకు లొంగక వేచియున్న ఆ సంవత్సరముల ఫలితమిది. 2024 మార్చిలో జైసల్మీరు సమీపమున ఒకటి కూలగా పైలటు సురక్షితముగా బయటపడెను. 2025 నవంబరులో దుబాయి ప్రదర్శనయందు మఱియొకటి కూలి, దానిని నడుపుచుండిన వీరుడు ప్రాణములు కోల్పోయెను. ఇరువదినాలుగేండ్ల మంచిపేరు ఉన్నను రూపకర్త నిశ్చింతగా నిద్రింపరాదని ఆ దినము మరల జ్ఞప్తిచేసెను.

సంక్రాంతినాడు పటము తెగినచో బాలుడు మఱియొక పటమును కొనుక్కొనును. విమానమున కూర్చున్నవానికి అట్టి అవకాశము లేదు. అతడు రూపకర్తను ఎన్నడును చూచియుండకపోవచ్చును. వ్రాత వ్రాసినవారి పేర్లైన ఎఱిగియుండకపోవచ్చును. అయినను వారిని నమ్మి ఆకాశమునకు లేచును. ఆ నమ్మకమునకు తాను ఋణపడియున్నానని తెలిసికొని పనిచేయువాడే నిజమైన ఇంజనీరు. ఆ ఋణమును తీర్చుటకు పట్టిన కాలమును లోకము ఆలస్యమని పిలిచినను, హరినారాయణగారును వారి సహచరులును ఆ మాటను సహించిరి గాని తొందరపడలేదు.