దాతకు రాసిన ఉత్తరం, కలెక్టరుకు వెళ్లని కాగితం

రాజకీయాలపై నోరు విప్పే క్రైస్తవ బోధకుడంటే తెలుగువాళ్లకు ముందుగా తట్టేది ప్రజాశాంతి పార్టీ పెట్టి ఎన్నికల్లో నిలబడిన కె.ఎ. పాల్. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో ఆ దారి కనబడదు. పార్టీల్లో క్రియాశీలంగా పనిచేయడాన్ని కతోలిక ఫాదర్లకు వాళ్ల సంఘ చట్టంలోని 287వ నిబంధనే నిషేధిస్తుంది. ఇక మిగిలేవి ప్రకటన, వినతిపత్రం, ధర్నా, కోర్టు. పేరు కోసం మాట్లాడేదెవరో, నమ్మి మాట్లాడేదెవరో వీటిలోనే తేలాలి.

గొప్పలు చెప్పుకోవడం ఇక్కడ కొత్త కాదు. 1868లో ఆస్కార్ లోర్ అనే మిషనరీ సత్నామీలనే దళిత సమూహం మధ్య బిశ్రాంపూర్ మిషన్ మొదలుపెట్టాడు. మిషన్లు బతికింది మిషనరీల స్వదేశపు చందాలతో. కాబట్టి నివేదికల్లో బాప్తిస్మాల లెక్కలు, మారిన జీవితాల కథలు నిండుగా ఉండేవి. ఆ రాతలకు ఇంకో పాఠకుడు ఉంటాడని ఎవరూ అనుకోలేదు. 1954లో రాయ్‌పూర్ వకీలు రవిశంకర్ శుక్లా నడిపిన మధ్యప్రదేశ్ ప్రభుత్వం క్రైస్తవ మిషన్ల పనిపై జస్టిస్ భవానీ శంకర్ నియోగి అధ్యక్షతన విచారణ కమిటీ వేసింది. 1956 నాటి దాని నివేదిక మిషన్ల మీద వాడిన సాక్ష్యంలో కొంత భాగం మిషన్లు అచ్చువేసుకున్నదే. దాతను మెప్పించడానికి పెంచి రాసింది చివరికి స్థానిక విశ్వాసి మెడకు చుట్టుకుంది.

1968లో మధ్యప్రదేశ్ ధర్మ స్వాతంత్ర్య చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇతరుల మతం మార్చిన వ్యక్తి ఆ సంగతి జిల్లా మేజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, తెలపాల్సి ఉండేది. తెలపలేదన్న ఆరోపణతో సహా మూడు సెక్షన్ల కింద రెవరెండ్ స్టానిస్లాస్ మీద ప్రాసిక్యూషన్‌కు బలోదాబజార్ సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు అనుమతి ఇచ్చారు. ఆయన మేజిస్ట్రేటు కోర్టులోనే అసలు చట్టమే చెల్లదన్నాడు. హైకోర్టులో 1974లో ఓడాడు. 1977 జనవరి 17న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ముందూ ఓడాడు. మతాన్ని ప్రచారం చేసే హక్కులో ఇతరుల మతం మార్చే హక్కు లేదని ప్రధాన న్యాయమూర్తి ఎ.ఎన్. రే తీర్పు రాశారు. రాజ్యాంగ పాఠాల్లో ఈ కేసు పేరు వినని న్యాయ విద్యార్థి అరుదు. ఆ పేరు వెనక మనిషి ఎవరని అడిగేవాడు అంతకన్నా అరుదు. నిజాయితీకి రాయ్‌పూర్ జిల్లాలో ఇంతకు మించిన ఉదాహరణ వెతకనక్కర్లేదు: తన మీద పడ్డ కేసును ఆయన అందరి ప్రశ్నగా మార్చాడు.

2000లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ చట్టం ఛత్తీస్‌గఢ్‌కు వచ్చింది. మతమార్పిడి గొడవలు మాత్రం ఆగలేదు. 2023 జనవరి 2న నారాయణ్‌పూర్‌లో చర్చిని ధ్వంసం చేశారు. 2025 జూలై 25న దుర్గ్ రైల్వే స్టేషన్‌లో ఇద్దరు కేరళ క్రైస్తవ సన్యాసినులను మతమార్పిడి ఆరోపణతో అరెస్టు చేశారు. ఆగస్టు 2న బిలాస్‌పూర్ ఎన్ఐఏ కోర్టు బెయిలు ఇచ్చింది. ఆ వారమంతా కేరళ నుంచి అన్ని పార్టీల నాయకులు దుర్గ్‌కు దిగారు, కెమెరాలూ దిగాయి. బయటి నుంచి వచ్చినవాళ్లు గట్టిగా మాట్లాడి వెళ్లిపోవచ్చు. స్థానిక పాస్టరు మాత్రం వచ్చే ఆదివారం అదే ఊళ్లో ప్రార్థన జరపాలి. అతను ఆచితూచి మాట్లాడితే దాన్ని పిరికితనం అనడం తొందరపాటే. 2013 నుంచి రాయ్‌పూర్ ఆర్చిబిషప్‌గా ఉన్న విక్టర్ హెన్రీ ఠాకూర్ ఇలాంటి సందర్భాల్లో మాట్లాడుతూనే ఉన్నారు. వీధి పోరాటంలో మాత్రం ఛత్తీస్‌గఢ్ క్రిస్టియన్ ఫోరం అధ్యక్షుడు అరుణ్ పన్నాలాల్ గొంతే ఎక్కువ వినిపిస్తుంది. ఆయన ఫాదరూ కాదు, పాస్టరూ కాదు.