చిలికా సరస్సుకి రైలులో, బస్సులో ఎలా వెళ్ళాలి?



"చిలికా సరస్సు ఏ రాష్ట్రంలో ఉంది?" అని పరీక్షలో అడిగితే ఒడిశా అని రాసి మార్కు తెచ్చుకుంటాం. అంతటితో దాన్ని మర్చిపోతాం. కానీ ఒక్కసారి మ్యాపు తీసి చూడండి. పలాస నుంచి విశాఖపట్నం రైలులో సుమారు 200 కిలోమీటర్లు. అదే పలాస నుంచి చిలికా ఒడ్డున ఉన్న బాలుగావ్ సుమారు 150 కిలోమీటర్లే. అంటే మనకి విశాఖ కంటే చిలికాయే దగ్గర!

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా చిన్నాన్నతో కలిసి నేను అక్కడికి వెళ్ళొచ్చాను. దారి ఎలాగో మీకు కూడా తెలియాలని ఇది రాస్తున్నాను. వార్డెన్ గారు కూడా ఒకసారి చదవాలని నా కోరిక.

ముందు ఏ ఒడ్డుకి వెళ్ళాలో అనుకోండి

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇదే. చిలికా మన ఊరి చెరువులాంటిది కాదు. వానాకాలంలో సుమారు 1,100 చదరపు కిలోమీటర్లు, ఎండాకాలంలో సుమారు 900 చదరపు కిలోమీటర్లు ఉంటుంది. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనపడదు. కాబట్టి ఏం చూడాలో ముందే అనుకుని, దాన్ని బట్టి స్టేషను ఎంచుకోవాలి.

1. కాళీజాయి దీవి, గుడి చూడాలంటే బాలుగావ్‌లో దిగి బర్కుల్ వెళ్ళాలి.
2. డాల్ఫిన్లు, సరస్సు సముద్రంలో కలిసే చోటు చూడాలంటే సాతపడా వెళ్ళాలి. అది అవతలి ఒడ్డు. ఖుర్దారోడ్ జంక్షన్ మీదుగా పూరీ వెళ్ళి, అక్కడ బస్సెక్కాలి. పూరీ నుంచి సుమారు 50 కిలోమీటర్లు.
3. చిన్న చిన్న దీవులు, కొండలు చూస్తూ ప్రశాంతంగా గడపాలంటే రంభ స్టేషనులో దిగాలి.

బర్కుల్‌లో దిగి "డాల్ఫిన్లు ఏవి?" అంటే లాభం లేదు. అక్కడి నుంచి సాతపడాకి రోడ్డు మీద చుట్టూ తిరిగి వెళ్ళాలంటే రోజులో చాలా భాగం బస్సులోనే అయిపోతుంది. ఒక్క రోజులో వెళ్ళి రావాలనుకునే మనలాంటి వాళ్ళకి బాలుగావ్, బర్కుల్ దారే మంచిది. మేము వెళ్ళింది కూడా ఆ దారినే.

రైలు

మన వైపు నుంచి పాతపట్నం, టెక్కలి మీదుగా బస్సులో పలాస చేరుకోవచ్చు. పాతపట్నం మీదుగా గుణుపూర్ వెళ్ళే రైలు లైను కూడా నౌపడా దగ్గర పెద్ద లైనులో కలుస్తుంది. ఆ లైనుకి ఒక చరిత్ర ఉంది. నౌపడా, పర్లాకిమిడి మధ్య 1900లో పర్లాకిమిడి రాజావారి హయాంలో వేసిన చిన్న లైను అది. 2011 నాటికి గుణుపూర్ వరకు బ్రాడ్‌గేజి అయ్యింది.

అన్ని ఎక్స్‌ప్రెస్ బండ్లూ బాలుగావ్‌లో ఆగవు. కాబట్టి టికెట్టు తీసుకునేటప్పుడే "ఈ బండి బాలుగావ్‌లో ఆగుతుందా?" అని కౌంటరులో అడగండి. తిరిగొచ్చే బండి టైము కూడా అప్పుడే అడిగి కాగితం మీద రాసుకోండి.

పలాస దాటాక సోంపేట, ఇచ్ఛాపురం వస్తాయి. మన రాష్ట్రం అక్కడితో సరి. ఆ తర్వాత చిన్న స్టేషన్ల బోర్డుల మీద తెలుగు అక్షరాలు కనపడవు. కంగారు పడొద్దు, హిందీలోనో ఇంగ్లీషులోనో చదువుకోవచ్చు. బరంపురం, ఛత్రపురం అయ్యాక బండి ఋషికుల్య నది వంతెన దాటుతుంది. హుమ్మా దగ్గర ఉప్పుమడులు కనపడతాయి. రంభ వచ్చేసరికి కుడివైపు కిటికీ దగ్గరికి జరగండి. కొండల మధ్య నుంచి సరస్సు కనపడుతుంది. నేనైతే మొదట సముద్రమే అనుకున్నాను.

ఒక జాగ్రత్త. 'చిలికా' అనే పేరుతోనే ఒక చిన్న స్టేషను ఉంది. దాని దగ్గర్లో నౌకాదళం వాళ్ళ శిక్షణ కేంద్రం ఉంది. పేరు చూసి అక్కడ దిగిపోకండి. మనం దిగాల్సింది బాలుగావ్.

బస్సు

బాలుగావ్ నుంచి బర్కుల్ సుమారు 6 కిలోమీటర్లు. రోడ్డు మీదకి వచ్చి, బరంపురం వైపు వెళ్ళే లోకల్ బస్సు ఎక్కి "బర్కుల్" అని చెబితే సరిపోతుంది. ఆటోలు కూడా ఉంటాయి, కానీ ఎక్కే ముందే ఎంతో మాట్లాడుకోవాలి.

బస్సు మీద పేరు ఒడియాలో ఉంటుంది. నాలుగు ముక్కలు నేర్చుకుంటే చాలు. 'కేతే' అంటే ఎంత, 'కేబే' అంటే ఎప్పుడు, 'పాణి' అంటే నీళ్ళు. పర్లాకిమిడి వైపు, గుణుపూర్ వైపు చుట్టాలున్న సవర పిల్లలు మన హాస్టల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళు ఒడియా మాట్లాడితే మనలో కొందరు నవ్వుతారు. చిలికాకి వెళ్తే మాత్రం వాళ్ళ వెనకాలే నడవాలి! మా చిన్నాన్నకి ఒడియా రాబట్టే మాకు ఎక్కడా ఇబ్బంది కలగలేదు.

దిగిన వెంటనే "తిరుగు బస్సు ఆఖరిది ఎప్పుడు?" అని అడిగి ఉంచుకోండి. మిగతా పనులన్నీ ఆ టైముని బట్టే.

పడవ

బర్కుల్ రేవు నుంచి కాళీజాయి దీవికి మోటారు పడవలు వెళ్తాయి. పదిమంది కలిసి ఎక్కితే ఖర్చు తగ్గుతుంది. లైఫ్ జాకెట్ ఇవ్వకపోతే పడవ ఎక్కొద్దు, ఈత వచ్చినా సరే. పొద్దెక్కేకొద్దీ గాలి లేస్తుందని పడవాయన చెప్పాడు, అందుకని పొద్దున్నే ఎక్కడం మంచిది. మకర సంక్రాంతికి అక్కడ పెద్ద జాతర జరుగుతుంది. పండగ రోజుల్లో రద్దీ ఎక్కువ కాబట్టి పిల్లలతో వెళ్ళే వాళ్ళు ఆ రోజులు వదిలి వెళ్ళాలి.

జాయి అనే అమ్మాయి పెళ్ళయి అత్తవారింటికి పడవలో వెళ్తుంటే తుఫాను వచ్చి మునిగిపోయిందట. ఆమే దేవత అయిందని అక్కడి జాలర్ల నమ్మకం.

అక్టోబరు నుంచి మార్చి లోపల వెళ్తే దూరదేశాల నుంచి వచ్చే పక్షులు కనపడతాయి. వాటికి ముఖ్యమైన చోటు నలబణ దీవి. వానాకాలంలో ఆ దీవి నీళ్ళలో మునిగిపోతుంది.

నీళ్ళ సంగతి

చిలికా నీళ్ళు ఉప్పువీ కావు, మంచివీ కావు. దయా, భార్గవి లాంటి నదుల నీళ్ళు ఒక పక్క నుంచి, సముద్రం నీళ్ళు ఇంకో పక్క నుంచి వచ్చి కలుస్తాయి. 1990ల నాటికి సముద్రం దారి ఇసుకతో పూడుకుపోయి, ఉప్పు తగ్గి, కలుపు పెరిగి, చేపలు తగ్గిపోయాయి. జాలర్ల కుటుంబాలు చాలా కష్టపడ్డాయి. 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త దారి తవ్వారు. చేపలు, రొయ్యలు మళ్ళీ పెరిగాయి. దారి మూసుకుపోతే సరస్సు అయినా చిక్కిపోతుందని నాకు అక్కడ తెలిసింది. ఆ నీళ్ళలో ప్లాస్టిక్ పారేయకండి.

ఖర్చు, ఒక మనవి

విహారయాత్ర అంటే బస్సు మాట్లాడటం, తలకి ఇంత అని వేసుకోవడం మనకి అలవాటు. డబ్బులు తేలేని వాళ్ళు "నాకు ఒంట్లో బాగోలేదు" అని చెప్పి హాస్టల్లోనే ఉండిపోతారు. ఆ జ్వరం ఏ జ్వరమో మనందరికీ తెలుసు.

రైలులో, లోకల్ బస్సులో వెళ్తే ఖర్చు బాగా తగ్గుతుంది. 5 ఏళ్ళు నిండి 12 ఏళ్ళు దాటని పిల్లలకి రైలు జనరల్ టికెట్టు సగమే. అంతేకాదు, విద్యాయాత్రకి వెళ్ళే ఎస్టీ విద్యార్థులకి సెకండ్ క్లాసులో, స్లీపరులో 75 శాతం రాయితీ ఉంది. దానికి హెడ్మాస్టరు గారి సంతకం, ముద్రతో ఫారం ఇవ్వాలి. ముందుగా ఒకరు స్టేషనుకి వెళ్ళి ఫారం, షరతులు కనుక్కుని రావాలి. తిండికి అటుకులు, బెల్లం, అరటిపళ్ళు మనమే పట్టుకెళ్ళొచ్చు.

వార్డెన్ గారూ, ఈసారి యాత్ర చిలికాకి, రైలులో పెట్టండి. లెక్క మేమే వేసి ఇస్తాం. జాబితాలో ఒక్క పేరు కూడా తగ్గకూడదు.

— 9వ తరగతి విద్యార్థి