భూమిలో పూడ్చిన ట్యాంకులు, కూలీలు తాగే నీళ్లు

బోరింగు కొడితే నీళ్లు కిరసనాయిలు వాసన వస్తున్నాయని ఆడవాళ్లు చెబితే మన ఊళ్లలో మొదట వచ్చే జవాబు ఒక్కటే: "కొత్త పైపు గదా, గ్రీజు వాసన. రెండ్రోజుల్లో పోద్దిలే." పోతే మంచిదే. పోకపోతే ఏం చెయ్యాలి? ఎవర్ని అడగాలి? ఆ సంగతే ఈ వారం రాస్తున్నాం.

ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం పోయే దారి పొడవునా బొగ్గు లారీలు, ఇసుక లారీలు. వాటి కోసం పెట్రోలు బంకులు. ఒక్కో బంకు నేల కింద వేల లీటర్లు పట్టే ఇనప ట్యాంకులుంటాయి. పాత ట్యాంకులకు ఒకటే పొర. తడి నేలలో ఏళ్ల తరబడి ఉంటే ఇనుము తుప్పు పట్టక ఏం చేస్తుంది? సూది బెజ్జమంత చిల్లు చాలు. చుక్క చుక్కగా కారేది పైన నిలబడ్డ మనిషికి కనపడదు. మూతబడిన బంకులది మరీ అన్యాయం. బోర్డు పీకేస్తారు, ట్యాంకు మాత్రం అడుగున మిగిలిన నూనెతో సహా భూమిలోనే ఉండిపోతుంది. దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ఆగింది 2000లో. అంతకు ముందు కారిన చోట మట్టిలో సీసం కూడా ఉండొచ్చు.

కారిన పెట్రోలు మట్టిలోంచి దిగి భూగర్భజలం మీద తెట్టులా తేలుతుంది. అందులోని బెంజీను కొంత నీళ్లలో కరిగి, నీళ్లు పోయే దిక్కుకే పోతుంది. పక్కన మిరప తోటకు పగలూ రాత్రీ మోటారు నడిస్తే దాన్ని తన వైపు లాక్కుంటుంది. బెంజీను రక్త క్యాన్సరు తెచ్చే విషం. లీటరు తాగునీటిలో 10 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మిరపకాయ ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చే కూలీలు ఆ మోటారు దగ్గరే తాగుతారు, అక్కడే వండుకుంటారు. ఆసామి ఇంటికి క్యాను నీళ్లు వస్తాయి!

భద్రాచలానికి గోదావరి గండం ఉండనే ఉంది. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది. వరద నీరు నిండిన నేలలో సగం ఖాళీగా ఉన్న ట్యాంకు బిందెలాగా పైకి తేలాలని చూస్తుంది. పైపుల అతుకులు ఊడేది అప్పుడే. వరద తీసిన తర్వాత ఇళ్లు లెక్కబెడతారు, పంట లెక్కబెడతారు. పూడ్చిన ట్యాంకులను కూడా పరీక్షించి ఆ కాగితం పంచాయతీకి ఇవ్వాలని మనం పట్టుబట్టాలి.

ఇది మారుమూల జనానికే వచ్చే కష్టం అనుకోవద్దు. హవాయి దీవుల్లో రెడ్ హిల్ దగ్గర అమెరికా నౌకాదళం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కొండ కింద 20 ట్యాంకులు కట్టింది. వాటికి సుమారు వంద అడుగుల కింద మంచినీటి నిల్వ. 2014లోనే ఒకసారి కారింది. 2021 నవంబరులో విమాన ఇంధనం ఒలికి, సుమారు 93 వేల మందికి నీళ్లిచ్చే గొట్టాల్లో కలిసింది. కుళాయి వాసన వస్తోందని సైనికుల కుటుంబాలే మొత్తుకుంటే, నీళ్లకేం కాలేదన్నట్టు అధికారులు మాట్లాడారు. జనం ఊరుకోలేదు. 2022 మార్చిలో ఆ ట్యాంకులు మూసేస్తామని ఒప్పుకోక తప్పలేదు. ఆ దేశంలో పూడ్చిన ట్యాంకుల మీద 1984లో చట్టం వచ్చాక వెతికితే ఇప్పటికి 5 లక్షలకు పైగా లీకులు బయటపడ్డాయి. వెతికారు కాబట్టే దొరికాయి.

మన దగ్గర నిబంధనలు లేకపోలేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 జనవరిలో బంకులకు మార్గదర్శకాలిచ్చింది. 165 లీటర్లకు మించి కారితే చమురు కంపెనీ రాష్ట్ర మండలికి తెలపాలి, పరిహారం కట్టాలి. కారిందని చెప్పాల్సింది ఎవరయ్యా అంటే కంపెనీయే! దొంగ చేతికే తాళం ఇచ్చినట్టుంది. 2025 జూలైలో కలుషిత స్థలాల నిబంధనలు వచ్చాయి. వీటి ప్రకారం జనం ఫిర్యాదు చేసినా జిల్లా యంత్రాంగం ఆ చోటును అనుమానిత స్థలాల జాబితాకెక్కించి, ఆరు నెలలకోసారి నివేదిక పంపాలి. రాష్ట్ర మండలి 90 రోజుల్లో మొదటి పరీక్ష చెయ్యాలి. శుభ్రం చేసే ఖర్చు పాడుచేసినవాడిదే.

ఇక్కడ ఇంకో చిక్కుంది. 2014లో మండలాలు విడగొట్టిన తర్వాత భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. నేల కింద నీటికి ఆ గీత తెలియదు. సరిహద్దు ఊళ్లవాళ్లు రెండు రాష్ట్రాల మండళ్లకూ ఒకే అర్జీ పెట్టాలి. లేకుంటే వాళ్ల మీద వీళ్లు, వీళ్ల మీద వాళ్లు తోసేస్తారు.

ముందు మనమే చూసుకోగలిగినవి కొన్నున్నాయి. చెలమలో, వాగులో రంగురంగుల తెట్టు కనపడితే పుల్లతో కదపండి. పెంకుల్లా విరిగితే అది ఇనుము తెట్టు. విరిగి మళ్లీ కలిసిపోతే నూనెని అనుమానించాలి. బంకులో రోజూ గజం కడ్డీ వేసి నూనె కొలిచి పుస్తకంలో రాస్తారు. అమ్మిన లెక్కకూ మిగిలిన లెక్కకూ తేడా రోజూ వస్తుంటే ముందు తెలిసేది అక్కడ పనిచేసే కుర్రాడికే. ఆ కుర్రాడూ మనవాడే, వాడి ఉద్యోగం పోకుండా చూసుకుంటూ మాట్లాడాలి. బంకుకు నిరభ్యంతర పత్రం ఇచ్చేది కలెక్టరు. ఆ కాగితాలను సమాచార హక్కు చట్టం కింద అడగండి. ఏజెన్సీ ఊళ్లలో గ్రామసభ తీర్మానం జత చెయ్యండి. పరిహారం మాట వస్తే ఎకరాల లెక్క ఒక్కటే సరిపోదని, ఆ నీళ్లు తాగిన కూలీల పేర్లు కూడా ఉండాలని తీర్మానంలోనే రాయించండి.

పంచాయతీలో ఉండే పరీక్ష పెట్టెతో ఫ్లోరైడు, ఇనుము తెలుస్తాయి గాని పెట్రోలు తెలియదు. "పరీక్ష చేశాం, బాగుంది" అంటే ఏ పరీక్ష అని అడగాలి. నమూనా గాజు సీసాలో, గాలి బుడగ లేకుండా మూతి దాకా నింపి, మంచులో పెట్టి ప్రయోగశాలకు చేర్చాలి. ప్లాస్టిక్ సీసాలో ఎండకు తిప్పితే బెంజీను ఆవిరైపోతుంది, కాగితం మీద నీళ్లు శుభ్రంగా ఉంటాయి. నమూనా తీసేటప్పుడు ఊరివాళ్లు ఇద్దరు దగ్గరుండి, సీసా మీద తేదీ, బోరింగు గుర్తు రాయించి సంతకం చెయ్యాలి.